నడిమింటిని చుట్టి వచ్చిన తీగ

బెళుగుప్ప,
11 జూన్ 2007

చిన్నాయనకు, చిన్నమ్మకు రూతు వందనాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. వాన ఇంకా రాలేదు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు నాయన లేచి వెళ్లి మీ మోటారు స్విచ్ వేసి, మీ చీనీ చెట్లకు నీళ్లు కడుతున్నాడు.

నాకు పని దొరికింది. అనంతపురంలో నేను చదివిన కాన్వెంటు సిస్టర్ చెప్పి ఇప్పించారు. బెంగళూరు కంపెనీ ఒకటి పాత ఇంగ్లీషు పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. ఎక్కేటప్పుడు అక్షరాలు చెడిపోతాయి. వాటిని దిద్దాలి. పేజీలు ఇంటర్నెట్‌లో వస్తాయి, ఇంటర్నెట్‌లోనే తిరిగి పంపాలి. ఊరు వదలనక్కర్లేదు, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. ఇంతకంటే నాకు సరిపోయే పని ఇంకొకటి ఉండదు.

ఇబ్బంది ఒకటే. ఇంటర్నెట్ వచ్చేది ఫోను తీగలో. ఫోను ఉన్నది ముందరి గదిలో, నాయన ఎస్టీడీ బూత్‌లో. అక్కడ కూర్చుంటే ఫోను చేసుకోవడానికి వచ్చినవాళ్లు నా వెనక నిలబడి తెర చూస్తారు. ఒకాయన "ఏమ్మా, దీంట్లో సినిమా రాదా?" అని అడిగి, రాదన్నా కదలలేదు. వెనక గదిలో కూర్చుంటే పని సాగుతుంది. అందుకు బూత్‌లోని ఇంటర్నెట్ పెట్టె నుంచి వెనక గదిలోని కంప్యూటర్‌కు ఒక తీగ లాగాలి. భాగాలప్పుడు నడిమిల్లు మీకు వచ్చింది కాబట్టి దారి మీ గదిలోంచే ఉంది.

రెండు గోడలకూ పెన్సిలంత రంధ్రం చాలు. లేదా మీ మిద్దె మీదుగా తీసుకుపోయి మా వైపు పైకప్పు గవాక్షిలోంచి కిందికి దించుకుంటాం. మీరు ఏది సరేనంటే అది.

మీ అన్న కూతురు
రూతు


బళ్లారి,
19-6-2007

రూతుకు చిన్నాయన ముత్యాలప్ప రాసేది.

ఈడ నేనూ మీ చిన్నమ్మా బాగుండాము. మిల్లులో పత్తి దుమ్ముకు దగ్గు ఒకటి పట్టుకునింది, అంతే. పని దొరికిందన్నావు, సంతోషం. ఇంట్లో కూర్చోబెట్టి జీతమిచ్చే కంపెనీ యాడుంటాదమ్మా? ఆ సిస్టరమ్మను బాగా విచారించుకో.

గోడ సంగతి వద్దు. ఈ పొద్దు పెన్సిలంత బొక్క అంటారు, రేపు కిటికీ అంటారు, ఎల్లుండికి వాకిలి పెడతారు. మిద్దె మీదా వద్దు. పోయిన వానకే పైన పోసిన చవుడు మన్ను కొట్టుకపోయి ఒక మూల కురిసింది. మనుషులెక్కి తొక్కితే మిగిలింది కూడా కూలుతుంది.

ఇంకోటి అడగల్ల. ఆ గదికి తాళంచెవి ఒకటే, అది నా మొలతాడుకుండాది. లోపల దారి ఎట్లుండాదో, గోడకు యాడ బొక్క పెడితే యాడ తేల్తాదో మీకెట్ల తెలిసె? ఎవరన్నా లోపలికి పోయినారా?

ఇవన్నీ ఫోనులో అడగొచ్చు. కానీ ఆ ఫోను పక్కన మీ నాయన ఉంటాడు. అందుకే జాబు రాస్తాండా.

చిన్నాయన


బెళుగుప్ప,
30 జూన్ 2007

చిన్నాయనకు వందనాలు.

మీ గదిలోకి ఎవరూ పోలేదు. లోపల దారి నాకెలా తెలుసని అడిగారు. నేను పుట్టింది ఆ గదిలోనే. జ్వరం వచ్చినప్పుడల్లా దాని గోడలే చూస్తూ పడుకునేదాన్ని.

మీరు వద్దన్నారని చెప్పగానే నాయన, "వాని గోడ వానికే ఉండనీలే. నీకు దారి నేను తవ్వుతా" అన్నాడు. తీగను ఇప్పుడు పెరట్లోంచి, మీ గదిని చుట్టి తీసుకువస్తున్నాం. గడ్డపార పట్టుకుని నాయనే తవ్వుతున్నాడు. జానెడు లోతు చాలన్నాను. మోకాటి లోతు తవ్వాడు. "ఎలుకలు కొరుకుతాయి, పందులు పెరుకుతాయి, లోతుండల్ల" అన్నాడు. నా వేలంత తీగకు చేయి పట్టేంత లావు పైపు తెచ్చాడు. నా పని మీద నాయనకు ఇంత శ్రద్ధ ఉంటుందనుకోలేదు.

కాన్వెంటులో కంప్యూటర్ గది కట్టినప్పుడు మిగిలిన తీగను సిస్టర్ డబ్బాతో సహా ఇచ్చారు. నీలం రంగు తీగ. లోపల సన్నవి ఎనిమిది, రెండేసి పురిపెట్టి ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు. రెండు కొసల్లోనూ అదే వరుసలో పేర్చి, గాజు ముక్కలాంటి పిన్నులో దూర్చి, పట్టకారుతో నొక్కాలి. ఒక్కటి తారుమారైనా పని చేయదు. నారింజ గీత, నారింజ, ఆకుపచ్చ గీత, నీలం అంటూ జపంలా వల్లించుకుంటున్నాను. కరెంటు తీగ పక్కన మాత్రం దీన్ని వేయకూడదని సిస్టర్ గట్టిగా చెప్పారు. అది నాయనకూ చెప్పాను.

మీ దగ్గుకు మిరియాల కషాయం కాచి ఇవ్వమని చిన్నమ్మకు చెప్పమంది అమ్మ.

రూతు


బళ్లారి,
13-7-2007

రూతుకు,

మన ఊరి తిప్పన్న మొన్న టమాటా లోడుతో ఈడికొచ్చినాడు. లారీ దిగతానే ఏమన్నాడో తెలుసునా? "ఏమప్పా ముత్యాలప్పా, మీ అన్న బోరేస్తాండాడంట, నీకు చెప్పనేలేదా?"

నేను నమ్మలే. వాడు వేళ్లు ముడిచి చెప్పినాడు. మీ నాయన తాడు పట్టుకొని పెరడంతా కొలిచినాడంట. మోకాటి లోతు గుంతంట. లావు పైపులంట. వైరు చుట్టిన డబ్బా అరుగు మీదుంటే వాడే చదివినాడంట, దాని మీద మూడు నూర్ల అయిదు అని అచ్చేసి ఉండాదంట.

రెండు గదుల నడుమకు మూడు నూర్ల వైరు ఏంటికమ్మా? మోటారుకు కాకుంటే వైరును మన్నులో ఎవరు పూడుస్తారు? పెరటి వెనకనే ఉండే నా బోరు రెండు నూర్ల అడుగులు. దాని పక్కన మూడు నూర్లకు దిగితే నీళ్లు ఎవరి తట్టు పోతాయో నీకు నేను చెప్పల్లనా?

రామప్ప తోట నువ్వూ చూసినావు. గట్టు అవతల ఇంకొకడు లోతుగా బోరేసినాడు. ఒక్క ఎండాకాలం, అంతే. రామప్ప చీనీ చెట్లన్నీ కొట్టి కట్టెలకు అమ్మె. ఆ లోడు ఈడ మా మిల్లు ముందరే పోయింది. కొమ్మలకు ఇంకా పిందెలుండె. నేను ఈ పత్తి దుమ్ములో పడుండేది రేపు పోయి ఆ చెట్ల కింద కూర్చుందామనే.

నువ్వు చదువుకున్న పిల్లవి. అబద్ధం చెప్పవనుకుంటా. ఉండేదుండట్లు రాయి.

చిన్నాయన


బెళుగుప్ప,
19 జూలై 2007

చిన్నాయనకు వందనాలు.

మీ జాబును నాయనే తెచ్చి ఇచ్చాడు. చదివినంతసేపూ ఎదురుగా నిలబడి, "ఏమంటాడు?" అన్నాడు. "చెట్ల గురించి అడిగారు" అన్నాను. అది అబద్ధం కాదు.

తిప్పన్న చదివింది నిజమే. డబ్బా మీద 305 అని ఉంది. అది మా గుంత కొలత కాదు, ఫ్యాక్టరీలో ఒక్కో డబ్బాకు చుట్టే తీగ కొలత. కాన్వెంటులో వాడగా మిగిలింది మాకు వచ్చింది. నాయన తాడుతో కొలిచింది తీగ సరిపోతుందో లేదో చూడటానికి. మన్నులో పూడ్చడం ఎందుకంటే, గోడా మిద్దే మీరు వద్దన్నారు కాబట్టి.

ఇన్లాండ్ కవరు కాకుండా అతికించే కవరులో రాస్తున్నాను. లోపల తీగ ముక్క ఒకటి పెట్టాను. పై తోలు గోరుతో చీల్చి చూడండి. ఎనిమిదీ వెంట్రుకల్లా ఉంటాయి. మీకు తెలిసిన మోటారు మెకానిక్ ఎవరికైనా చూపించండి. ఈ తీగతో మోటారు తిరుగుతుందంటే నేను ఈ పని మానేస్తాను.

తిప్పన్న మన అరుగు మీది డబ్బాలు చదవాల్సినంత దగ్గరికి ఎందుకు వచ్చాడో నాకు తెలియదు.

రూతు


బళ్లారి,
1-8-2007

రూతుకు,

నీ ముక్క చేరింది. మోటార్లకు వైండింగ్ కట్టే ఆయప్పకు చూపించినా. గోరుతో గీరి, వెలుతురుకు పట్టి నవ్వినాడు. "దీనితో మోటారా? దోమను కూడా తిప్పలేవు సామీ" అనె. పక్కనుండేవాళ్లంతా నవ్విరి. నేనూ నవ్వినా. మీ చిన్నమ్మ మాత్రం నవ్వలే. "అన్న కూతురు మీద అట్ల అనుమానపడేకి నీకు నోరెట్ల వచ్చె?" అని అన్నం పెట్టి అటు తిరిగి కూర్చునె.

తప్పు అనుకున్నా. ఆ ముక్క జేబులోనే పెట్టుకున్నా.

కానీ తిప్పన్న ఇంకోటి చెప్పినాడు, అది కూడా అడిగేస్తా, లేకుంటే నిద్ర పట్టదు. గుంత నీ గది గోడ దగ్గర ఆగలేదంట. దాటి, బట్టలుతికే తట్టు పోయిందంట. నీ కంప్యూటరు వెనక గదిలో కదా ఉండేది? పెరట్లో ఏముండాది?

చెట్ల దగ్గరికి ఒకసారి నువ్వే పోయి ఆకులు చూసి రాయి. మీ నాయనను అడిగి కాదు.

చిన్నాయన


బెళుగుప్ప,
11 ఆగస్టు 2007

చిన్నాయనకు వందనాలు.

తీగ పని చేసింది. రెండు కొసలకూ పిన్నులు నేనే నొక్కాను. మొదటిసారి ఆకుపచ్చ, నీలం తారుమారయ్యాయి. కోసి మళ్లీ చేశాను. పెట్టె మీద పచ్చ దీపం మిణుకుమంది. తలుపు వేసుకుని కూర్చున్నాను. మొదట వచ్చిన పేజీలు ఎవరో దొర మన వైపు గుర్రం మీద తిరుగుతూ రాసుకున్నవి. నీళ్లు దొరకలేదనే రాశాడు.

గుంత సంగతి నాయనను అడిగాను. బట్టలుతకడానికి కొత్త బండ వేశాడు. స్నానం నీళ్లు ఆ తట్టు పోవడానికి కాలువ తీశానన్నాడు. బండ వేసిన మాట నిజం, నేను చూశాను. మీ అనుమానాలన్నిటికీ నేను నాయన తరఫున జవాబు చెప్పాల్సి రావడం నాకు బాగాలేదు.

చెట్లు చూశాను. ఆకులు ముడుచుకున్నాయి. కాయలు గోలీలంత ఉన్నాయి. నీళ్లు మాత్రం పడుతున్నాయి.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను. బుధవారం నుంచి తీగ పని చేయడం లేదు. తీగను పరీక్షించే చిన్న పెట్టెలో ఎనిమిది దీపాలు వరుసగా వెలగాలి. రెండు వెలగడం లేదు. పిన్నులు మార్చినా వెలగలేదు. అంటే మధ్యలో ఎక్కడో తెగింది. దానికి ముందు రెండు రోజులూ తిప్పన్న మన గోడ అవతల తచ్చాడాడు. అతన్ని పంపింది మీరేనా? చూసి రమ్మన్నారా, ఇంకేమైనా చేసి రమ్మన్నారా?

పేజీలు నిలిచిపోయాయి. ఇలాగే ఉంటే పని ఇంకొకరికి ఇస్తామని కంపెనీవాళ్లు రాశారు.

రూతు


బళ్లారి,
18-8-2007

రూతుకు,

పెద్దవాళ్లను ఇట్ల అడగమని కాన్వెంటులో నేర్పించిరా?

తిప్పన్నను చూసి రమ్మన్నది నేనే. కాదనను. నా చెట్లు ఆడుండాయి, నేను ఈడుండా, చూసేకి ఎవరో ఒకరుండల్ల. కత్తిరించమని నేను చెప్పలే. వాడూ అట్లాంటోడు కాదు. వాని నోరు మంచిది కాదు గాని చెయ్యి మంచిదే.

మా బోరు మోటారు ఆగిపోతే మేమేం చేస్తామో తెలుసునా? స్టార్టరు కాడి నుంచి పట్టుకొని కొస దాకా వైరు తడుముకుంటా పోతాము. యాడ తెగిందో దొరికినాకే ఎవరినన్నా తిట్టేది. నువ్వు గదిలో తలుపేసుకొని కూర్చొని బళ్లారిలో ఉండేవాన్ని తిడతాండావు.

మీకు నా మీద ఇంత అనుమానమైతే ఒక పని చేస్తా. వచ్చే నెల వచ్చి నడిమిల్లు తిప్పన్నకే రాసిస్తా. ముందర మీ నాయన, వెనక నువ్వు, నడుమ వాడు. గోడవతల తచ్చాడే పని కూడా ఉండదు వానికి.

చిన్నాయన


బెళుగుప్ప,
27 ఆగస్టు 2007

చిన్నాయనకు,

మీరు చెప్పినట్టే చేశాను. శనివారం నాయన కల్యాణదుర్గం పోయినప్పుడు, కొస నుంచి పట్టుకుని పోయాను.

నా గది గోడ దగ్గర పైపు ఆగలేదు. అక్కడ ఒక రంధ్రం చేసి నా తీగను పైకి తీశారు. పైపు మాత్రం ముందుకు పోయింది. మన్ను తీసుకుంటూ పోతే అది కొత్త బండ కిందికి చేరింది. నేనూ అమ్మా కలిసి బండ పక్కకు జరిపాం. పైపు మూతికి గుడ్డ కుక్కి ఉంది. గుడ్డ తీస్తే బోరు మోటార్లకు వేసే నల్లటి చదును తీగ, పెద్ద చుట్ట. పక్కన నేలలో వేపపుల్ల గుచ్చి, దానికి పసుపు దారం కట్టి ఉంది. బోరుకు పాయింట్ చూసేవాళ్లు అలా గుర్తు పెడతారని అమ్మ చెప్పింది. చెప్పి కూర్చుండిపోయింది. ఆమెకూ తెలియదు.

ఆ నల్ల తీగ బూత్‌లోని కరెంటు మీటరు దగ్గర నుంచి నా తీగ ఉన్న పైపులోనే వచ్చింది. అంత లావుదాన్ని లాగినప్పుడు నాది దాని కింద పడి తెగింది. కరెంటు తీగ పక్కన వేయకూడదని నేను నాయనకు చెప్పిన మాట మీకు రాశాను.

తిప్పన్న నా తీగను తాకలేదు. మీరూ తాకించలేదు. అడిగినందుకు సిగ్గుపడుతున్నాను.

చుట్ట కొసన చిన్న ముక్క కోసి ఇందులో పెట్టాను. లోపల మూడే తీగలుంటాయి. దీన్ని మెకానిక్‌కు చూపించనక్కర్లేదు.

ఇంకా బోరు బండి రాలేదు. మీ చెట్లకు ఇంకా ఏమీ కాలేదు. మీరు వచ్చి పైపు తవ్విస్తే నా తీగ కూడా పోతుంది. పోనివ్వండి.

ఒక్క మాట. మీ మోటారు స్విచ్ వేసి వచ్చి చేతులు కడుక్కునేటప్పుడు నాయన అనేది నేను చాలాసార్లు విన్నాను. "తమ్ముని స్విచ్ వేసేకి పుట్టినానా నేను?" ఇన్నాళ్లూ అది విసుగనుకున్నాను.

నేను మీకు రాశానని నాయనకు నేనే చెప్తాను.

రూతు


బళ్లారి,
31-8-2007

రూతుకు,

ముక్క చూసినా. రెండు ముక్కలూ ఒకే జేబులో పెట్టుకున్నా.

మీ నాయనకు నువ్వు చెప్పొద్దు. తండ్రికీ కూతురికీ నడుమ ఆ మాట పడితే మళ్లీ పోదు. నేనే వస్తా. చెట్లు చూసేకి వచ్చినట్లు వచ్చి, ఆ బండ మీద కూర్చుంటా. నేను ఆడ కూర్చుంటే అన్నే చెప్తాడు. చెప్పకుంటే ఇంకా కాసేపు కూర్చుంటా. నీ పేరు రాదు.

స్విచ్ మాట నువ్వు రాయకుండా ఉంటే బాగుండు. పెద్దోన్ని నా మోటారు కాడ నిలబెట్టి నేనీడ కూర్చున్నా అని నాకెప్పుడూ తట్టలే. అట్లని నా చెట్ల కింద బోరేసేకి ఒప్పుకునేది లేదు. నడిమిల్లు తిప్పన్నకు ఇచ్చేదీ లేదు, కోపంలో రాసినా.

ఈ జాబు చదివి చించేయి.

చిన్నాయన


బెళుగుప్ప,
6 సెప్టెంబరు 2007

చిన్నాయనకు వందనాలు.

మీ జాబు నిన్న వచ్చింది. నేను ఆదివారమే చెప్పేశాను.

నాయన ప్రార్థన నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. "చిన్నాయనకు నల్ల తీగ ముక్క పంపాను నాయనా" అన్నాను. కొట్టలేదు, అరవలేదు. అరుగు మీద కూర్చున్నాడు. "మొదట నీ వైరుకే తవ్వినానమ్మా. తవ్వతా తవ్వతా బుద్ధి పుట్టె" అన్నాడు. "బూత్‌కు ఎవరొస్తాండారు? అందరి చేతుల్లో సెల్లులే. నాకంటూ ఒక నీళ్ల చుక్క ఉండొద్దా?"

మొదటి రోజే అంత లావు పైపు ఎందుకు తెచ్చావని అడగాలనుకున్నాను. అడగలేదు. ఆయన చెప్పింది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆయనే పెరట్లోకి పోయి, బండ జరిపి, వేపపుల్ల పీకేసి, నల్ల తీగను పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. అది రాలేదు. కాలు గోడకు తన్ని పెట్టి లాగాడు. నల్లదానితో పాటు నాది కూడా నలిగి, తోలు ఊడి, ముక్కలుగా వచ్చింది. వాటిని చేతిలో పట్టుకుని చూశాడు. ఆయన ఏడుస్తాడేమోనని నేను లోపలికి వచ్చేశాను.

సోమవారం నుంచి నాయన మీ మోటారు దగ్గరికి పోవడం లేదు. నేను పోతున్నాను. స్విచ్ వేస్తే మీ మోటారు కాసేపు మూలిగి అందుకుంటుంది. నీళ్లు ముందు ఎర్రగా వచ్చి తర్వాత తేటపడతాయి. చెట్లన్నిటికీ పారేదాకా గట్టు మీద కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాను. ఆకులు విప్పుకున్నాయి.

మీరు వచ్చి బండ మీద కూర్చోవాలనుకుంటే కూర్చోండి. నాయన చెప్పడానికి ఇప్పుడు ఏమీ మిగల్లేదు. పక్కన కూర్చుంటే కూర్చుంటాడేమో.

మీ జాబు చించలేదు. రెండో పేరా, మీరు వచ్చి బండ మీద కూర్చుంటానన్నది, ఆయనకు చదివి వినిపించాను. విని, "ఈసారి వైరు యాడ పోవల్నో నువ్వే చెప్పు, నేను ముట్టను" అన్నాడు.

అందుకే మళ్లీ మిమ్మల్నే అడుగుతున్నాను. మీ మిద్దె మీద ఎవరూ తొక్కరు. నిచ్చెన వేసుకుని నేనొక్కదాన్నే ఎక్కుతాను. మీరు వచ్చినప్పుడు కింద నిలబడి చూడవచ్చు.

డబ్బాలో ఇంకా తీగ ఉంది.

రూతు